నా గుండె కుడివైపు ఉందని నాకెవరు చెప్పాలి?

(మహిళల ఆరోగ్య హక్కులపై జరిగిన ఒక జిల్లాస్థాయి సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య హక్కుల మీద మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు నేనేం చెప్పగలను అనుకున్నాను. చట్టాల గురించి లాయరుగారు చెబుతారు, జబ్బుల గురించి డాక్టరమ్మ చెబుతారు. నాకు బాగా తెలిసింది నా శరీరం ఒక్కటే. అదైనా చాలా ఆలస్యంగా తెలిసింది. దాని గురించే చెబుదామని వచ్చాను.

మీరందరూ ఒక్కసారి గుండె మీద చెయ్యి వేసుకోండి. చూశారా, అందరి చేతులూ ఎడమవైపుకే వెళ్లాయి. నా చెయ్యి మాత్రం కుడివైపు వెళ్లాలి. నా గుండె కుడివైపు ఉంది. మీకు కుడివైపు ఉండే కాలేయం నాకు ఎడమవైపు ఉంది. మీకు ఎడమవైపు ఉండే జీర్ణాశయం నాకు కుడివైపు ఉంది. అద్దంలో మన కుడిచెయ్యి ఎడమచెయ్యిగా కనిపించినట్టు, నా లోపలి అవయవాలన్నీ పక్కలు మారి ఉన్నాయి. డాక్టర్లు దీన్ని 'సైటస్ ఇన్వర్సస్' అంటారు.

ఇది నాకు పుట్టుకతో వచ్చింది. కానీ ఈ సంగతి నాకు 22 ఏళ్లు వచ్చేదాకా తెలియదు. చెప్పింది డాక్టరు కాదు. మావారి తరఫు లాయరు పంపిన నోటీసు.

2003 మే నెలలో నాకు పెళ్లయింది. ఆగస్టులో ఒకరోజు బొడ్డు చుట్టూ నొప్పి మొదలై, సాయంత్రానికి ఎడమవైపు పొత్తికడుపులోకి దిగింది. వాంతులు, జ్వరం. మా అత్తగారు వాము కషాయం కాచి ఇచ్చారు. ఆవిడ్ని తప్పుపట్టను, మన ఇళ్లలో ఎవరైనా అదే చేస్తారు. మర్నాడు దగ్గర్లోని టౌనులో ఒక నర్సింగ్ హోంకి తీసుకెళ్లారు. "ఎక్కడమ్మా నొప్పి?" అన్నది ఒక్కటే డాక్టరుగారు నన్నడిగిన ప్రశ్న. ఎడమవైపు అన్నాను. మిగిలిన ప్రశ్నలన్నీ మావారినే అడిగారు. నెలసరి ఎప్పుడొచ్చిందో కూడా ఆయన్నే అడిగారు! కొత్తగా పెళ్లయిన పిల్ల, ఎడమవైపు నొప్పి, కాబట్టి గర్భసంచి పక్కన ఇన్ఫెక్షన్ అని తేల్చేశారు. స్టెతస్కోపు పెట్టారు. అదీ చీరకొంగు మీద నుంచే, రెండు క్షణాలు. చప్పుడు ఎటువైపు గట్టిగా వినిపిస్తోందో చూసేంత తీరిక ఆయనకి లేదు.

జ్వరం తగ్గలేదని మూడో రోజు ఛాతీకి ఎక్స్‌రే తీశారు. డాక్టరుగారు ఫిల్ము లైటు పెట్టె మీద పెట్టి చూసి, "తిప్పి పెట్టావేంటయ్యా" అని కాంపౌండరుని కసిరి, తనే రెండో పక్కకి తిప్పుకున్నారు. నేను మంచం మీద నుంచి చూస్తూనే ఉన్నాను. ఎక్స్‌రే ఫిల్ము మీద ఏది కుడో ఏది ఎడమో తెలియడానికి ఇంగ్లీషు అక్షరం ఒకటి ఉంటుందని తర్వాత తెలిసింది. ఫిల్ము తిప్పితే ఆ అక్షరం అద్దంలో అక్షరంలా కనిపించి ఉండాలి. గుండె కుడివైపు ఉందని ఫిల్ము చెప్పింది, నిజమేనని అక్షరం సాక్ష్యం చెప్పింది. ఆ ఇద్దరి మాటా నా మాటలాగే ఎవరూ వినలేదు.

నాలుగో రోజుకి అపెండిక్స్ పగిలింది. అందరికీ కుడి పొత్తికడుపులో ఉండే అపెండిక్స్ నాకు ఎడమవైపు ఉంది. అందుకే అదేమిటో వాళ్లకి తోచలేదు. స్పృహ ఉండీ లేని స్థితిలో పెద్ద ఆస్పత్రికి తరలించారు. అక్కడి సర్జన్ స్కాన్ తీయించి, సంగతి గ్రహించి, సరైన చోట కోసి నన్ను బతికించారు. ఆయన చేతులకి నేనెప్పుడూ రుణపడి ఉంటాను. కానీ ఆయన నాతో మాట్లాడలేదు. ఆపరేషన్ కాగితం మీద సంతకం మావారిది. ఆపరేషన్ తర్వాత రోజూ ఎనిమిదేసి మంది విద్యార్థులు నా మంచం చుట్టూ చేరేవారు. దుప్పటి తొలగించి, కుడివైపు స్టెతస్కోపు పెట్టి విని, ఒకరినొకరు చూసుకుని తలాడించేవారు. ఒకాయన కెమెరాతో ఫొటో కూడా తీశాడు. వాళ్లలో ఒకమ్మాయి మాత్రం నా మొహంలోకి చూసి నవ్వింది. "ఎందుకండీ అందరూ నన్నే చూస్తున్నారు?" అని అడిగాను. "సార్ చెబుతారు" అంది. సార్ చెప్పారు. నాకు కాదు, మావారికి.

డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంది. మావారు సంతకం పెట్టి తీసుకుని, ఇంటికెళ్లాక బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ తర్వాత నాలుగు నెలలు కాపురం చేశాం. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి నాకొక్కదానికే తెలియదు. నేను గదిలోకి వెళితే మాటలు ఆగిపోయేవి. 2004 సంక్రాంతికి పుట్టింటికి పంపారు. తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. మార్చిలో నోటీసు వచ్చింది.

మా నాన్న అరుగు మీద కూర్చుని పైకి చదువుతున్నారు. అవయవాలు తారుమారైన పిల్లని, ఆ సంగతి దాచిపెట్టి, మోసం చేసి పెళ్లి చేశారని అందులో ఉంది. పిల్లలు పుట్టే యోగ్యత కూడా లేదని ఉంది. నాన్న చదవడం ఆపి, కళ్లద్దాలు తీసి, నాకేసి చూశారు. "అమ్మా, నీ గుండె ఎటుందే?" అన్నారు.

చెయ్యి వేసి చూసుకున్నాను. కుడివైపే కొట్టుకుంటోంది. ఎప్పుడూ అక్కడే కొట్టుకునేది. చిన్నప్పుడు పరుగెత్తి వచ్చినప్పుడల్లా నాకు తెలుస్తూనే ఉండేది. అందరికీ అంతే అనుకున్నాను. సైన్సు పుస్తకంలో బొమ్మ ఎదురుగా నిలబడ్డ మనిషిది కదా, అందులో గుండె మనకి కుడిచేతి పక్కనే కనిపిస్తుంది. నా గుండె కూడా ఆ బొమ్మలాగే ఉందనుకున్నాను. నాకే తెలియనిదాన్ని నేను దాచానట!

ఇక మా అమ్మ పడిన బాధ వేరు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు కత్తిపీట పట్టి ఉంటావన్నారు ఇరుగుపొరుగు. మేనరికం చేసుకుంటే ఇంతే అన్నారు మా అత్తింటివాళ్లు. ఏ బిడ్డకి ఏ లోపం వచ్చినా మొదటి దోషి తల్లే కదా మన సమాజంలో. మొర్రి వస్తే గ్రహణమొర్రి అంటాం. మా అమ్మ చాలా ఏళ్లు అది నమ్మింది. తను చేసిన తప్పేమిటో గుర్తు చేసుకోవడానికి రాత్రిళ్లు కూర్చుని ఆలోచించేది. అందుకే ఈ నాలుగు సైన్సు మాటలు నేర్చుకున్నాను. అవి ఆవిడ కోసం నేర్చుకున్నవి, మీకూ చెబుతాను.

పిండం మొదట్లో రెండు పక్కలా ఒకేలా ఉంటుంది. ఏది కుడి, ఏది ఎడమ అన్నది మూడు, నాలుగు వారాల్లోనే తేలిపోతుంది. చాలామంది ఆడవాళ్లకి నెల తప్పిందని అప్పటికింకా తెలియను కూడా తెలియదు. ఆ దశలో పిండం మీద ఒక చిన్న గుంటలాంటి చోట కంటికి కనిపించనంత సన్నని నూగు ఉంటుంది. ఆ నూగు గిరగిరా తిరుగుతూ అక్కడి ద్రవాన్ని ఎడమవైపుకి తోస్తుంది. ఆ ప్రవాహమే 'ఇది ఎడమ' అని గుర్తు పెడుతుంది. జపాన్ శాస్త్రవేత్తలు 1998లో ఎలుక పిండాల్లో దీన్ని కళ్లారా చూసి చెప్పారు. ఆ నూగు కదలకపోతే ఏ పక్క ఏదవుతుందన్నది బొమ్మా బొరుసూ వేసినట్టే. సగంమందికి మామూలుగా, సగంమందికి తారుమారుగా అమరుతుంది. అన్ని సందర్భాల్లోనూ కారణం ఇదే కాదు. నాలాంటి చాలామందిలో కారణం దొరకదు. కానీ గ్రహణానికీ, కత్తిపీటకీ దీంతో ఏ సంబంధమూ లేదు. జన్యువు వల్ల వచ్చే రకాల్లో చాలావాటికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులు కలవాలి. మేనరికాల్లో ఆ అవకాశం పెరిగే మాట నిజమే. కానీ అందులో తండ్రి వాటా సగం. నింద మాత్రం మొత్తం తల్లికే ఎందుకు పోతోంది?

ఇది కొత్తగా పుట్టిన వింత కూడా కాదు. 1788లోనే లండన్‌లో మాథ్యూ బెయిలీ అనే డాక్టరు ఇలాంటి శరీరాన్ని కోసి చూసి వివరంగా రాశాడు. సుమారు 10,000 మందిలో ఒకరికి ఇలా ఉంటుందని చెబుతారు. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 8 కోట్ల 46 లక్షల మంది ఉన్నారు. ఆ లెక్కన మన రెండు తెలుగు రాష్ట్రాల్లో నాలాంటివాళ్లు ఎనిమిది వేలమందికి పైనే ఉండాలి. వాళ్లలో ఎంతమందికి తమ సంగతి తెలుసు?

అన్ని అవయవాలూ పూర్తిగా అద్దంలోలాగా మారి ఉంటే చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా నిండు జీవితం బతుకుతారు. గుండె ఒక్కటే పక్క మారినా, కొన్ని మారి కొన్ని మారకపోయినా గుండెలో లోపాలు ఉండే అవకాశం చాలా ఎక్కువ. అప్పుడు గుండె డాక్టరు తప్పకుండా చూడాలి. కొందరిలో ఊపిరితిత్తుల్లోని నూగు కూడా సరిగా పనిచెయ్యదు. పుట్టినప్పటి నుంచీ విడవని జలుబు, దగ్గు ఉంటాయి. అలాంటివాళ్లలో మగవాళ్లకి వీర్యకణాలు కదలక పిల్లలు పుట్టకపోవచ్చు, ఆడవాళ్లకీ గర్భం రావడం కష్టం కావచ్చు. అంటే పరీక్ష ఇద్దరికీ జరగాలి. నాకు అదేమీ లేదని తర్వాత పరీక్షల్లో తేలింది. అయినా పిల్లలు పుట్టరని నోటీసులో ఎలా రాశారు? ఎవరూ పరీక్ష చెయ్యలేదు. అవయవాలు పక్క మారితే గర్భసంచీ పనికిరాదని వాళ్లే తీర్మానించారు.

ఇక కేసు సంగతి. ఇక్కడున్న కార్యకర్తలు ఇది జాగ్రత్తగా వినాలి. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద, ముఖ్యమైన విషయంలో మోసం చేసి పెళ్లికి ఒప్పించారని రుజువైతే పెళ్లిని రద్దు చెయ్యమని కోరవచ్చు. మావారు దాన్నే పట్టుకున్నారు. అప్పుడు మహిళా సంఘం ద్వారా దొరికిన లాయరమ్మ నన్నడిగిన మొదటి మాట, "మీ డిశ్చార్జి కాగితం ఏది?" అని. నా దగ్గర లేదు, చూడనుకూడా లేదు. వైద్యుల నడవడికపై 2002లో వచ్చిన నియమావళి ప్రకారం రోగి గానీ, రోగి అధికారం ఇచ్చినవాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఆ సంగతి అప్పుడే తెలిసింది. లిఖితపూర్వకంగా అడిగాం. రెండుసార్లు తిప్పారు, మూడోసారి ఇచ్చారు.

ఆ కాగితంలో నా గుండె కుడివైపు ఉందని 2003 ఆగస్టులోనే రాసి ఉంది. కింద మావారి సంతకం, తేదీ. అదే చట్టంలో ఇంకొక మాట ఉంది. మోసం బయటపడ్డాక కూడా తన పూర్తి ఇష్టంతో భార్యతో కాపురం చేస్తే, ఆ కారణం మీద పెళ్లి రద్దు కోరడానికి వీల్లేదు. ఆ తేదీ తర్వాత నాలుగు నెలలు మేం కాపురం చేశాం. నా నుంచి దాచిపెట్టిన కాగితమే చివరికి నన్ను కాపాడింది. 2005లో మావారు పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. రమ్మని కబురు పంపారు కూడా. నేను వెళ్లలేదు. నా గుండె సంగతి నాకు చెప్పకుండా నాలుగు నెలలు పక్కన పడుకున్న మనిషితో మళ్లీ కాపురం చెయ్యలేననిపించింది. ఆ తర్వాత మా దారులు చట్టప్రకారమే వేరయ్యాయి.

ఇది నా ఒక్కదాని గోడు అనుకోకండి. పుట్టుకతో అవయవం పక్క మారడమన్నది రకరకాలుగా ఉంటుంది. కిడ్నీ తీసుకోండి. పిండంలో అది కటి భాగంలో తయారై పైకి నడుములోకి చేరుతుంది. కొందరిలో పైకి రాకుండా కిందే ఉండిపోతుంది. ఆడవాళ్లలో అది చేతికి తగిలితే గర్భసంచిలోనో, అండాశయంలోనో గడ్డ అనుకునే ప్రమాదం ఉంది. అలా పొరపాటున కిడ్నీనే తీసేసిన కేసులు వైద్య గ్రంథాల్లో నమోదై ఉన్నాయి. మన ప్రాంతంలో ఇది ఇంకా ముఖ్యం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. మన పొట్టలు అంత తేలిగ్గా కోస్తున్నారు. గడ్డ ఉంది, తీసెయ్యాలి అని ఎవరైనా అంటే, "రెండు కిడ్నీలూ ఎక్కడున్నాయో స్కాన్‌లో చూశారా?" అని అడగండి. ఆ ప్రశ్నకి డబ్బు ఖర్చు కాదు.

రెండేళ్ల కిందట మా సెంటరుకి ఐదో నెల గర్భిణి ఒకమ్మాయి వచ్చింది. స్కాన్‌లో బిడ్డ గుండె కుడివైపు ఉందని రాశారు. తీయించెయ్యమని ఇంట్లో ఒకటే పోరు. ఆమె కళ్లలో మా అమ్మ కనిపించింది. ఆమె చెయ్యి తీసుకుని నా కుడివైపు పెట్టాను. చాలాసేపు అలాగే ఉంచింది. "అక్కా, మీరు ఇన్నేళ్లు ఇలాగే ఉన్నారా?" అంది. ఉంచుకోవాలని గానీ వద్దని గానీ నేను చెప్పలేదు. ఆ నిర్ణయం ఆమెది. అయితే సగం మాటలు విని నిర్ణయించుకోవద్దన్నాను. పిండం గుండెని ప్రత్యేకంగా చూసే ఎకో పరీక్ష ఉంటుంది, దానికి తోడు వెళ్లాను. బిడ్డ గుండెలో లోపం లేదు, అవయవాలన్నీ నాలాగే పూర్తిగా పక్క మారి ఉన్నాయి. ఆమె కనింది. ఆ పాపకి ఇప్పుడు నడక వచ్చింది.

ఇంకొక సంగతి. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో ఒకావిడ 2017లో, 99వ ఏట కన్నుమూసింది. తన శరీరాన్ని వైద్య కళాశాలకి దానం చేసింది. 2018లో విద్యార్థులు కోసి చూస్తే, గుండె ఎడమవైపే ఉన్నా పొట్టలోని అవయవాలన్నీ పక్క మారి ఉన్నాయి. అలాంటివాళ్లు పెద్దవయసుదాకా బతకడమే చాలా అరుదు. ఆవిడ ఐదుగురు పిల్లల తల్లి. బతికుండగా ఆవిడకి మూడు అవయవాలు తీసేశారు. అపెండిక్స్ తీసిన సర్జన్ ఒక్కడే అది ఉండాల్సిన చోట లేదని రాశాడట. కుటుంబానికి మాత్రం ఆవిడ పోయాకే తెలిసింది. అది చదివినప్పుడు ముందు సంతోషం వేసింది, 99 ఏళ్లు బతకవచ్చన్నమాట అని. తర్వాత కోపం వచ్చింది. అంత పెద్ద దేశంలో కూడా ఒక ఆడమనిషికి తన కడుపులో ఏముందో ఎవరూ చెప్పలేదే అని.

అందుకని ఈ సదస్సు ముందు నాలుగు డిమాండ్లు పెడుతున్నాను.

మొదటిది. మా శరీరం సంగతి ముందు మాకే చెప్పాలి. మాకు అర్థమయ్యే తెలుగులో చెప్పాలి, కాగితం మీద రాసివ్వాలి. ఆ కాగితం మా చేతికే ఇవ్వాలి.

రెండవది. స్పృహలో ఉన్న మేజర్ స్త్రీ ఆపరేషన్‌కి సంతకం ఆమెదే కావాలి. ఒక స్త్రీ గర్భసంచి తీసేసిన కేసులో, ఆమెని అడగకుండా తల్లి సంతకం తీసుకుంటే అది చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. తల్లి సంతకమే చెల్లనప్పుడు భర్త సంతకం ఎలా చెల్లుతుంది?

మూడవది. మమ్మల్ని చూసి విద్యార్థులు నేర్చుకోవడం మంచిదే. నన్ను చూసి నేర్చుకున్న పిల్ల రేపు ఇంకొకరిని కాపాడుతుంది. కానీ మమ్మల్ని అడిగి చూడండి. ఎందుకు చూస్తున్నారో చెప్పండి. దుప్పటి తీసే ముందు మా పేరు పెట్టి పిలవండి.

నాలుగవది మనకి మనం పెట్టుకునేది. మన ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, సంఘం సభ్యులు బిడ్డ పుట్టినప్పుడు గుండె చప్పుడు రెండు వైపులా వినమని డాక్టరుని అడగాలి. నాలాంటివాళ్లని గుర్తిస్తే ఒక చీటీ రాసిచ్చి పర్సులో పెట్టుకోమనాలి. నా చీటీ ఇదిగో. "నా గుండె, నా అవయవాలు పుట్టుకతోనే పక్క మారి ఉన్నాయి. ఇసిజి పట్టీలు కుడి ఎడమలు మార్చి పెట్టాలి. నాకు అపెండిక్స్ ఆపరేషన్ అయింది, గాల్ బ్లాడర్ ఎడమవైపు ఉంది" అని ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసి ఉంది. నేను రోడ్డు మీద పడిపోతే 108 సిబ్బందికి ఈ చీటీయే నా తరఫున మాట్లాడుతుంది.

మా అమ్మ పోయిన ఏడాది కాలం చేసింది. పోయే ముందు ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, నా కుడివైపు చెవి ఆనించి విన్నది. "బాగానే కొట్టుకుంటోందే" అంది. నేను పుట్టిన రోజున ఎవరో ఒకరు ఆ చప్పుడు విని, ఆ మాట మా అమ్మకి చెప్పి ఉంటే ఆవిడ అన్ని రాత్రిళ్లు కూర్చుని గడిపేది కాదు.